గురువులు ఫోన్లకు తెలుగు నేర్పిన సంగతి

ఫిషింగ్ హార్బర్‌లో గురువులు అంటే బోట్ల కరెంటు పని చేసే మనిషి. ఇంజను గదిలో వైర్లు కాలినా, వైర్‌లెస్ సెట్టు మూగబోయినా, జీపీఎస్ పెట్టె దారి చూపనని మొరాయించినా తెల్లవారకముందే అతనికి కబురు వెళ్తుంది. నేను అతన్ని మొదటిసారి చూసింది మాత్రం మా ఇంటి గుమ్మంలో. 2013 వేసవి. చేతిలో రెండు ఫోన్లు, చొక్కా జేబులో పెన్‌డ్రైవు. వెనకాల భార్య కనకరత్నం.

మాది గోదావరి వైపు. మా నాన్నగారికి పోర్టులో ఉద్యోగం రావడంతో నా చిన్నప్పుడే విశాఖ వచ్చేశాం. ఇక్కడే, నగరం పాత భాగంలో ఒక మున్సిపల్ స్కూల్లో నేను ఇంగ్లీషు టీచర్ని. కనకరత్నం వేలంలో చేపలు పాడుకుని మా వీధిలో అమ్మేది. పదేళ్ళుగా మా ఇంటికి చేప ఆమె తట్టలోంచే వచ్చేది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి ఆవేళ వస్తూనే ఫోను నా ముందుకు చాచింది.

అది తమ్ముడు సూరన్న పంపిన మెసేజ్. తెర నిండా చిన్న చిన్న ఖాళీ డబ్బాలు. ఒక్క అక్షరం లేదు.

సంగతేమిటంటే, సూరన్న ఆర్నెల్ల క్రితం గుజరాత్ తీరంలో వేరావల్ బోట్ల మీద పనికి వెళ్ళాడు. వద్దని కనకరత్నం గట్టిగా అడ్డుపడింది. మాటా మాటా పెరిగింది. అప్పట్నుంచి అతను ఫోను చేయలేదు, ఈమె చేస్తే ఎత్తలేదు. ఇన్నాళ్ళకు ఒక మెసేజ్ వస్తే, అది డబ్బాలైంది.

"షాపోడికి సూపించేనండి. 'ఈ ఫోనుకి తెలుగు రాదు' అన్నాడు" అంది కనకరత్నం. "దానికి తెలుగు రాదు, నాకు ఇంగ్లీసు రాదు. నానూ అదీ ఎలగ కాపురం సేయాల, సెప్పండి?"

నా ఫోనులోనూ తెలుగు రాదు. తెలుగొచ్చే ఫోను ఎవరిదైనా చూసి దానికి పంపించి చదివించుకోవచ్చు కదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆడు నాకు రాసినాడండి. తిట్టినా పొగిడినా నా ఫోన్లోనే సదువుకుంటాను. ఇంకోళ్ళ సేత సదివించుకోను."

అప్పుడు గురువులు గొంతు సవరించుకున్నాడు. ఇంటర్నెట్ సెంటర్లో ఎవరో చెప్పారట. ఫోనుకి రూట్ అని ఒకటి చేస్తే, కంపెనీ వేసిన తాళం ఊడి, లోపల మనకు కావలసిన అక్షరాలు పెట్టుకోవచ్చట. దానికి చేతిపనేమీ అక్కర్లేదట. టూల్‌కిట్ అని కంప్యూటర్లో ఒక సరంజామా ఉంటుంది, ఫోను తగిలించి ఒక మీట నొక్కితే మిగిలినదంతా అదే చూసుకుంటుందట. పెన్‌డ్రైవులో అదే తెచ్చాడు.

"మీ ఇంట్లో కంప్యూటరుంది కదండీ. అందులో రాసిందంతా ఇంగ్లీసులో ఉంది. ఓ పాలి సదివి సెప్తే సాలు. పాడయితే నా పూచీ" అన్నాడు.

రెండో ఫోను ఎందుకో అప్పుడర్థమైంది. భార్య ఫోను లాంటిదే, అదే మోడలు, పాతది కొనుక్కొచ్చాడు, ముందు దాని మీద చేసి చూడడానికి. తమ్ముడి మెసేజ్ చెరిగిపోతే ఇంట్లో తనకి పుట్టగతులుండవని అతనికి తెలుసు.

నేను చదువుతూ తెలుగులో చెప్పాను. వారంటీ పోతుంది. ఏం జరిగినా బాధ్యత మాది కాదు. ఫోను ఇటుక అయిపోయే ప్రమాదం ఉంది.

"ఇటుకేటండి?"

"ఇక పనికిరాదని. గోడ కట్టుకోవడానికి తప్ప."

గురువులు నవ్వలేదు. "ఇటుకయినా గోడలో ఉంటాది. సెయ్యండి" అన్నాడు.

కేబుల్ తగిలించాం. కంప్యూటర్లో నల్లటి కిటికీ తెరుచుకుని తెల్లటి వరుసలు గబగబా పరుగెత్తాయి. పాత ఫోను ఆరిపోయి, మళ్ళీ వెలిగింది. తర్వాత తెలుగు అక్షరాల ఫైలు లోపలికి పంపాం. అంతా సవ్యంగా ఉందని రెండుసార్లు చూసుకున్నాక కనకరత్నం ఫోను తగిలించాం. అది ఆరిపోయి ఉన్న ఆ నిమిషమున్నరలో ఆమె మా వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది.

ఫోను వెలిగింది. డబ్బాలు పోయాయి. అక్షరాలొచ్చాయి గానీ, ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కన నిలబడ్డాయి. గుణింతాలు అటూ ఇటూ దొర్లాయి. చదవడానికి నాకే కష్టంగా ఉంది. అయిదో తరగతి చదివిన కనకరత్నం మాత్రం వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరమే కూడదీసుకుంది. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికొచ్చింది. తర్వాత కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ఏటి రాసినాడు?" అన్నాడు గురువులు.

"తప్పయిపోనాదంట. నా సేతి కూర తినాలనుందంట. ఫోనులో సెప్పడానికి సిగ్గేసినాదంట, ఎదవకి!"

మర్నాటి నుంచి ఈ వార్త జెట్టీ అంతా పాకింది. కనకరత్నం తట్ట దగ్గర చేపకంటే ముందు ఫోను చూపించేది. వేలం పాడే ఆడవాళ్ళు, వలలు కుట్టేవాళ్ళు, బోటు నడిపే సరంగులు ఒకరి తర్వాత ఒకరు గురువులు దగ్గరకు ఫోన్లు తెచ్చారు. అతను పాత కంప్యూటర్ ఒకటి సంపాదించుకున్నాడు. ఐస్ ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని ఉన్న తన సామాన్ల గదిలో దాన్ని పెట్టాడు. ఇంగ్లీషులో కొత్త మాట ఏదొచ్చినా చీటీ మీద బొమ్మ గీసినట్టు ఎక్కించుకుని నా దగ్గరకు తెచ్చేవాడు. అలా ఏడాదిలో అతనికి ఓ యాభై మాటలొచ్చాయి. అందులో 'ఎర్రర్' అన్నింటికంటే బాగా వచ్చు.

చెయ్యి తిరిగిన పనిలోనే చెయ్యి కాలుతుంది. బోటు యజమాని భీమశంకరరావుగారు తన ఫోను ఇచ్చారు. ఆ మోడల్లోనే చివరి అక్షరం తేడాతో రెండు రకాలున్నాయి. టూల్‌కిట్ అడిగింది, ఏది అని. అప్పటికి నలభై ఫోన్లు చేసిన ధీమాతో గురువులు వెనక అట్ట తీసి చూడకుండానే అంకె నొక్కేశాడు. నల్ల కిటికీలో వరుసలు సగంలో ఆగిపోయాయి. ఫోను మళ్ళీ వెలగలేదు. రెండు రోజులు తనకు తెలిసిందంతా చేశాడు. నా దగ్గరకు కూడా వచ్చాడు.

"ఇటుకయిపోనాదండి" అన్నాడు.

మూడోరోజు పొద్దున తన సొంత ఫోను శుభ్రంగా తుడిచి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. మోడలు చూసుకోకపోవడం తన తప్పేనన్నాడు. ఆయనది ఫోను పోయిన బాధ కాదు.

"అందులో నా నంబర్లన్నీ ఉన్నాయిరా! సరంగుల నంబర్లు, ఐసోళ్ళవి, డీజిలోళ్ళవి. అవెక్కడ తెస్తావు?"

"తెచ్చిస్తానండి బావూ" అన్నాడు గురువులు.

ఆయన కోపంలో ఆ మాట పట్టించుకోలేదు. గురువులు మాత్రం రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాడు. తెల్లవారుజామున వేలం దగ్గర మొదలుపెట్టి జెట్టీ అంతా తిరిగాడు. "భీమశంకరరావుగారి నంబర్లు పోగొట్టీసినాను. నీ నంబరు సెప్పు బావా" అని ప్రతి మనిషినీ అడిగాడు. తప్పు దాచుకోకుండా అందరి ముందూ చెప్పుకోవడం చూసి కొందరు ఎగతాళి చేశారు. ఒకడు కావాలని తప్పు నంబరు చెప్తే, అక్కడే మోగించి చూసి, "ఇదెవరిదో ఆడమనిసి ఎత్తినాది, సరిగ్గా సెప్పు" అన్నాడట. సముద్రం మీదున్న బోట్ల వాళ్ళ కోసం అవి తిరిగొచ్చేదాకా కాచుకున్నాడు. ఐస్ ఫ్యాక్టరీ, డీజిల్ బంకు, వలల షెడ్లు, ఏదీ వదల్లేదు. పది రోజులయ్యాక రెండు వందల పన్నెండు నంబర్లతో ఆయన ముందు నిలబడ్డాడు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివారు. మధ్యలో ఆగిపోయారు.

"ఈడి నంబరు నా దగ్గరెప్పుడూ నేదురా. ఈడికీ నాకూ నాలుగేళ్ళుగా మాటల్లేవు."

"నాకేటి తెల్సండి. ఇమ్మంటే ఇచ్చినాడు."

ఆయన చాలాసేపు నవ్వారు. గురువులు ఫోను గురువులుకే తిరిగి ఇచ్చేశారు. ఆ తర్వాత ఎవరు ఫోను సంగతి ఎత్తినా, "గురువులుకియ్యండి. పాడుసేసినా పారిపోడు" అని చెప్పేవారు. గురువులు మాత్రం ఆనాటి నుంచి ఏ ఫోనైనా సరే, వెనక అట్ట తీయించి, మోడలు అక్షరం అక్షరం యజమాని చేతే పైకి చదివించేవాడు. చదువు రానివాళ్ళకు తనే చదివి, వాళ్ళ చేత తిరిగి చెప్పించేవాడు.

ఒకసారి నేను ఆ గదిలో ఉండగానే ఒకతను వచ్చాడు. భార్య ఫోనులో ఆమెకు తెలియకుండా ఏదో పెట్టాలట, ఆమె ఎవరితో మాట్లాడుతోందో తను వినాలట. గురువులు చేతిలో పని ఆపాడు.

"ఆవిడ్ని తీసుకురా. ఆవిడ సేత్తోటే ఫోనిమ్మను. ఆవిడ ఏటి సెయ్యమంటే అది సేస్తాను."

"అలగయితే ఇంకెందుకు?"

"మరి నాకూ అదే తెల్దు బావా" అని మళ్ళీ పనిలో పడ్డాడు. అతను వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

కాలక్రమాన కొత్త ఫోన్లన్నీ తెలుగుతోనే రావడం మొదలైంది. గురువులు గదికి రాకపోకలు తగ్గాయి. ఇక ఆ ముచ్చట తీరిపోయిందనుకుంటుండగా 2020లో బడులు మూతపడ్డాయి. పాఠాలు ఫోనుల్లోకి వెళ్ళాయి. నా తొమ్మిదో తరగతిలో ముప్ఫైనాలుగు మంది. రోజూ క్లాసులో కనబడేది పదిహేనుమంది. మిగతావాళ్ళ ఇళ్ళకు ఫోను చేశాను. ఫోన్లు లేక కాదు. ఉన్నవి పాతవి. క్లాసు యాప్ వాటిలోకి ఎక్కనంటోంది.

మూతికి గుడ్డ కట్టుకుని గురువులు దగ్గరకు వెళ్ళాను. విని, "ఫోను బాగానే ఉంటాదండి. కంపెనీయే దాన్నొగ్గీసి, పట్టించుకోడం మానీసినాది" అన్నాడు. పాత ఫోనులో ఉన్నదంతా తీసేసి, ఎవరెవరో ఉచితంగా తయారుచేసి పెట్టిన కొత్త ఆండ్రాయిడ్ ఎక్కించవచ్చని చెప్పాడు. అయితే దీనికి తాళం తీస్తే లోపల ఉన్న ఫోటోలు, నంబర్లు అన్నీ చెరిగిపోతాయి. కొన్ని బ్యాంకు యాప్‌లు కూడా ఆ తర్వాత పలకవు. అందుకని ప్రతి ఇంటికీ ఆ రెండు ముక్కలూ ముందే చెప్పాకే ఫోను ముట్టుకున్నాడు. ఫోటోలన్నీ కంప్యూటర్లో దాచి, పని అయ్యాక తిరిగి పెట్టాడు. నంబర్లయితే చెప్పనే అక్కర్లేదు, రెండేసి చోట్ల దాచాడు. కనకరత్నం వేలం దగ్గర నిలబడి, "ఇంట్లో మూలన పడున్న ఫోన్లుంటే తెండర్రా, పిల్లల సదువు" అని కేకేసింది. చేపలు చుట్టే కవర్లలో ఫోన్లొచ్చాయి. కొన్ని ఉప్పుగాలికి తుప్పు పట్టినవి. కొన్ని ఎప్పుడో నీళ్ళలో పడినవి.

నెలా పదిహేను రోజుల్లో, పక్క తరగతులవాళ్ళవీ కలిపి, ఇరవై ఒక్క ఫోన్లు లేచాయి. ఆరు లేవలేదు. ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన కూతురు ధనశ్రీ ఫోను నాలుగుసార్లు ప్రయత్నిస్తేగాని దారికి రాలేదు. ఆ మర్నాడు క్లాసులో కొత్త గడి ఒకటి తెరుచుకుంది. ముందు కొబ్బరిచెట్టు తలకిందులుగా కనబడింది, తర్వాత ఒక ముక్కు, ఆ తర్వాత పిల్ల.

"టీసర్, నాను వినబడతన్నానా?"

వినబడుతున్నావమ్మా అన్నాను. పిల్ల వెనక ఎవరో గట్టిగా, "వినబడతందంట!" అని అరిచారు. అది గురువులు గొంతే. ఫోను ఇవ్వడానికి వెళ్ళినవాడు క్లాసు మొదలయ్యేదాకా అక్కడే ఉండిపోయాడట.

నిరుడు నేను రిటైరయ్యాను. ధనశ్రీ ఇప్పుడు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో ల్యాబ్‌లో పనిచేస్తోంది. గురువులు ఇప్పటికీ బోట్ల కరెంటు పనే చేస్తున్నాడు. కొత్త ఫోన్ల తాళాలు ఆ టూల్‌కిట్లకు లొంగడం లేదని, లొంగకపోవడమే మంచిదేమోనని అంటాడు. పోయిన వారం చేపల కోసం హార్బర్‌కి వెళ్తే ఒక బోటు ఇంజను గదిలోంచి నూనె చేతులతో పైకొచ్చాడు.

"టీచరమ్మగారూ, ఓ మాట సదివి పెట్టాల. ఈ కొత్త చార్జరు మీద ఏటో రాసుంది" అని జేబులోంచి చీటీ తీశాడు. చదివి చెప్పాను. తల ఊపి, పెన్సిల్‌తో దాని పక్కనే తెలుగులో రాసుకుని, మళ్ళీ నిచ్చెన దిగి లోపలికి వెళ్ళిపోయాడు.