ఎడమ వెనక చక్రం

పాత కార్ల ప్రదర్శనకు వచ్చినవాళ్లు ముందు దీపాలు చూస్తారు, రంగు చూస్తారు, బానెట్ పక్కన నిలబడి ఫోటో దిగుతారు. మా బాపు మాత్రం తాడుకు ఇవతల గొంతుక్కూర్చుని చక్రాలు చూసేవాడు. కారులో మిగతాదంతా చక్రాల మీద పెట్టిన సామాను అన్నట్టే ఉండేది ఆయన వాలకం.

మా బాపు పేరు ఓదెలాచారి. రేగొండ దగ్గర మా ఊళ్లో వడ్ల ఓదెలు అంటే ఎడ్ల బండికి చక్రం చేసే మనిషి. ట్రాక్టర్లు వచ్చి బండ్లు పోయాక తలుపులు, మంచాలు చేసి నన్ను చదివించాడు. నేను భాగ్యను, అంగన్‌వాడీ టీచర్ని. మా అమ్మ పోయాక ఆయన మాటలు బాగా తగ్గాయి. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో నాలుగు కుక్కతోనే.

ఎనిమిదేళ్ల కిందట జనగామలో పెళ్లికి పోయినప్పుడు, ఒక కాలేజీ మైదానంలో ఈ కార్లు కనబడ్డాయి. హైదరాబాద్ నుంచి వాటి యజమానులు ఏటా తెచ్చి చూపిస్తారట. వాటిలో వందేళ్ల నాటి కారు ఒకటి కట్టె చక్రాల మీద నిలబడి ఉంది. బాపు దాని ముందు కూలబడ్డాడు. చాలాసేపటికి నన్ను పిలిచి, "గివి నా అసొంటోడే చేసిండు బిడ్డా. యాడి దేశమోడో గని, నా అసొంటోడే" అన్నాడు. పెళ్లి భోజనం తప్పిపోయింది.

ఇక ఏటా అదే తంతు. రెండు బస్సులు మారి పోవడం, ఎండలో కూర్చోవడం, సాయంత్రం నా మీద ఆనుకుని లేవడం. నేను గొణుగుతూనే వెంట పోయేదాన్ని. ఇంట్లో మాట్లాడని మనిషి అక్కడ నాకు ప్రతి చక్రం తప్పొప్పులు చెప్పేవాడు. అది వినడానికైనా పోవాలనిపించేది.

అట్లా ఏటేటా కూర్చునే ముసలాయనను జగపతి రావు గమనించాడు. రఘునాథపల్లి వైపు భూములున్న కుటుంబం, పట్నంలో వ్యాపారం. వాళ్ల తాత కొన్న 1926 నాటి డాడ్జి కారు కొట్టంలో పడి ఉంది. ఇంజన్ బాగు చేయించాడు గానీ నాలుగు చక్రాలనూ చెదలు తినేశాయి.

"చేస్తవా చారీ?" అని అడిగాడు.

"నడుపుతరా, నిలబెడ్తరా?" అన్నాడు బాపు.

"నిలబెట్టుడే. లారీల తెస్తం, లారీల కొంటవోతం."

చక్రంలోని ఒక్కో పుల్లను మావాళ్లు ఆకు అంటారు. కోసిన కట్టె రెండు ఎండాకాలాలు చూశాకే ఆకు చెక్కాలి. పచ్చికట్టె ఆరినకొద్దీ సన్నబడుతుంది, ఆకులన్నీ దిగే చక్రం నడిమి కుండలో వదులైపోతుంది. ఈ ముక్క చెప్పి ఎంతమంది తొందరపాటు రైతులను మా బాపు వాకిట్లోంచి వెళ్లగొట్టాడో లెక్కలేదు. ఆయన దగ్గర ఏళ్లుగా దాచిన తుమ్మ మొద్దులున్నాయి. చక్రానికి పన్నెండు చొప్పున నలభై ఎనిమిది ఆకులు కావాలి. నలభై మూడు అయ్యాక, ఆఖరి మొద్దు లోపలంతా పురుగు తొలిచి ఉందని తేలింది. ప్రదర్శనకు ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. ఆయన ఎవరికీ చెప్పకుండా, ఆ వానాకాలంలో కొట్టిన తుమ్మలోంచి ఐదు ఆకులు చెక్కి, ఎడమ వెనక చక్రంలో దిగేసి రంగు వేశాడు.

ఆ సంవత్సరం జనగామలో మా బాపు కింద కూర్చోలేదు. జనం తన చక్రాల ముందు వంగి చూస్తుంటే, తెల్లచొక్కా వేసుకుని పక్కన నిలబడ్డాడు. కారును లారీ మీంచి దించిన డ్రైవర్ అమర్‌సింగ్, మహబూబాబాద్ దగ్గర తండా అతనిది, చక్రం మీద అరచెయ్యి ఆనించి, "పెద్దయ్యా, నీ చేతులకు మొక్కాలె" అన్నాడు. జగపతి రావు మైకులో బాపు పేరు చెప్పి శాలువా కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. డెబ్బై నాలుగేళ్లలో ఆ మనిషికి ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి.

ప్రదర్శన ముగిశాక నడిచే కార్లన్నీ వరసగా రఘునాథపల్లి దాకా పోవడం ఆనవాయితీ. మైకు దించకుండానే జగపతి రావు అన్నాడు: "ఇంత మంచి చక్రాలు పెట్టుకొని లారీల పోవుడేంది? రఘునాథపల్లి దాకా అన్ని కార్లతోని మా డాడ్జి గూడ నడుస్తది."

బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎనక ఎడమదిక్కు చక్రంల ఐదు ఆకులు పచ్చికట్టె బిడ్డా."

"ఏందీ?"

"నిలబెట్టుడే అంటే ఏసిన. పోయి చెప్త."

ఆయన అడుగు వేశాడు. నేను ఆపాను. ఈ సంగతి ఒక్కటి వదిలేసి మిగతాది రాద్దామని చాలాసార్లు అనుకున్నాను, చేత కాలేదు. "జర ఆగు బాపు. ఇప్పుడే శాలువా కప్పిండ్రు, గింత మంది ముంగట ఏమని చెప్తవ్? మెల్లగనే పోతరు. ఏం గాదు" అన్నాను. ఆయన నా మొహం చూశాడు, జనాన్ని చూశాడు, ఆగిపోయాడు. గట్టిగా విదిలిస్తే నా చెయ్యి వీడిపోయేదే.

కార్లు వరసగా కదిలాయి. రఘునాథపల్లి ఇంకా రాకముందే, రోడ్డు పల్లంలోకి దిగేచోట ఆ చక్రం నడుముకు విరిగింది. కారు ఒరిగి కల్వర్టు మీంచి కిందపడింది. జగపతి రావు గడ్డిలోకి ఎగిరిపడ్డాడు, చెయ్యి విరిగింది. కారు నడుపుతున్న అమర్‌సింగ్ దాని కింద ఉండిపోయాడు. దవాఖానలో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. వందేళ్ల బండి, ఎక్కడో ఏదో సడలింది అనుకున్నారు. జగపతి రావు దవాఖాన ఖర్చంతా పెట్టుకున్నాడు, చెడ్డమనిషి కాదు. చెయ్యి కట్టు విప్పగానే మా ఇంటికొచ్చి, ఇంకో చక్రం చేసి పెట్టమన్నాడు కూడా. బాపు తనకు చూపు ఆనడం లేదని చెప్పి పంపేశాడు. ఆ తర్వాత కట్టె చెక్కే బాడిస ముట్టలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. నేను తిట్టాను, బతిమాలాను, చివరికి అమర్‌సింగ్‌కు నిజం చెప్పాలన్న ఆయన కోరికకే ఒప్పుకున్నాను. చలి తగ్గాక ఇద్దరం తండాకు పోయాం.

అమర్‌సింగ్ రేకుల ఇంటి ముందు మంచంలో ఉన్నాడు. మమ్మల్ని చూసి సంబరపడ్డాడు, భార్యను నీళ్లు తెమ్మన్నాడు. బాపు మంచం దగ్గర నేల మీద కూర్చుని అంతా చెప్పాడు. నన్ను తప్పించాలని చూశాడు గానీ, "ఆపింది నేనే అన్నా" అని నేనే చెప్పాను.

"బండి నేను ఎక్కకముందే తెల్సా?" అని అడిగాడు అమర్‌సింగ్.

"తెల్సు" అన్నాడు బాపు.

అతని భార్య చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. అమర్‌సింగ్ తిడితే బాగుండని నేను కోరుకున్నాను. అతను రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"గిన్నొద్దులు నా నసీబ్ అనుకొని పండుకుంటున్న పెద్దయ్యా. ఎవల మీద కోపం లేకుండె. నిద్ర గూడ వడుతుండె. ఇప్పుడు నువ్వచ్చి చెప్పినవ్, నీ పానం తేలికైంది. నేనెట్ల పండుకోవాలె?"

తప్పు ఒప్పుకోవడానికి వచ్చామనే అనుకున్నాం ఇద్దరం. నిజానికి మా ఇంట్లో మోయలేనిదాన్ని తెచ్చి, కాలు లేని మనిషి మంచంలో పడేసి పోవడానికి వచ్చాం.