పెంకుపొడి స్టూలు, తాడు స్టూలు

నా తోడికోడలంటే నాకు గిట్టదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్విపోతారు. ఆవిడ కట్టిన స్టూలు చూసి నాకు కడుపు మండింది, అంతే.

నేను విశాఖలో డిజైన్ చదివి వచ్చినదాన్ని. పలాసలో చిన్న షెడ్డు వేసుకుని, జీడిపిక్కల పెంకుల్ని పొడి కొట్టించి, జిగురు కలిపి, అచ్చుల్లో నొక్కి, ఇనప కాళ్లు బిగించి స్టూళ్లు చేసేదాన్ని. పారేసే పెంకుకి బతుకిచ్చానని కనిపించినవాళ్లందరికీ చెప్పేదాన్ని. నా మరిది భార్యది కంచిలి దగ్గర పల్లె. తుపానుకి కూలిన కొబ్బరిచెట్ల కర్రతో కాళ్లు చేయించి, పైన తాను పేనిన పీచుతాడు అల్లేది. మేకు లేదు, జిగురు లేదు. మా అత్తగారు దాని మీద కూర్చుంటే అన్నానికి పిలిచినా లేచేది కాదు. నా స్టూలు మీద పప్పుల డబ్బా పెట్టుకుంది.

అప్పుడే టెక్కలిలో ఒక కాలేజీవాళ్లు పిల్లలు చదువుకునే గదికి స్టూళ్లు కావాలన్నారు. నమూనాతో పాటు, దేనితో చేశారో, పాడైతే ఏం చెయ్యాలో కాగితం మీద రాసి పంపమన్నారు. ఆ పని రాకపోతే నేను షెడ్డు మూసుకోవడమే. తీరా చూస్తే తోడికోడలు కూడా స్టూలు పంపుతానంది.

“అక్కా, నీ రాత ముచ్చటగుంటాది. నాదీ నువ్వే రాసీ.”

“పాడైతే ఏటి సేత్తావని రాయాల?”

“తాడు తెగితే ముడి ఇప్పీసి కొత్తది అల్లుకోడవే. పాతది కొబ్బరి మొదట్లో ఏసెత్తాం. ఆ సెట్టే మళ్లీ పీసు ఇత్తాది. ఇందులో రాయడానికేటుంది?”

ఒక వస్తువు ఎక్కడ పుట్టి, ఎలా అరిగి, చివరికి దేనిలో కలుస్తుందో నేను నాలుగేళ్లు బొమ్మలు గీసి నేర్చుకున్నాను. ఆవిడ జడలో పువ్వు సర్దుకుంటూ చెప్పేసింది. ఒళ్లు మండిపోయింది. ఆవిడ కాగితం మీద ‘కొబ్బరి కర్ర, కొబ్బరి తాడు’ అని రాసి, మిగతాది వదిలేశాను. నా కాగితం నిండా రాశాను. పాడైతే మళ్లీ పొడి కొట్టి కొత్త స్టూలు చేస్తామని కూడా రాశాను. నిజానికి ఒక్కసారైనా చేసి చూసింది లేదు.

ఆవిడ సంతకం పెట్టి వెళ్లింది. పని నాకే వచ్చింది.

రెండు వానాకాలాలు తిరిగేసరికి స్టూళ్లు వెనక్కి వచ్చాయి. అంచులు పెళ్లలుగా ఊడిపోతున్నాయి. ఒకదాన్ని సుత్తితో కొట్టి పొడి చేయించాను. ఆ పొడి మళ్లీ అతకలేదు. పొయ్యిలో పెడితే ఊపిరాడని పొగ. కొబ్బరి మొదట్లో వేస్తే వానకి తడిసి, ఎండకి ఎండి, వేసిన ముక్క వేసినట్టే ఉంది. ఉత్త పెంకుగా ఉంటే కనీసం జీడి ఫ్యాక్టరీ పొయ్యిలోనైనా మండేది. దాని దారిన దాన్ని పోనివ్వకుండా జిగురు పోసి ఆపేసింది నేనే.

కబురు తెలిసి తోడికోడలు వచ్చింది. కుప్ప చుట్టూ తిరిగి ఒక స్టూలు తిరగేసి చూసింది.

“కాళ్లు బాగానే ఉన్నాయి కదక్కా. పైది పీకీసి తాడు అల్లీద్దాం.”

మర్నాడు తాడు చుట్టలతో వచ్చి షెడ్డులోనే చతికిలబడింది. నేను తాడు కొస పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ వేళ్లు చకచకా ఆడుతుంటే అప్పుడు కూడా ఓర్వలేకపోయాను. మూడో స్టూలు దగ్గరికి వచ్చేసరికి ఇంక ఆగలేక చెప్పేశాను.

“ఆ రోజు నీ కాయితం మీద నేను సగవే రాసేను.”

ఆవిడ ముడి బిగించింది. “తెలుసక్కా. సదివే సంతకం ఎట్టేను. ఆ పని రాకపోతే నీ షెడ్డు ఉండదని నాకు తెల్దేటి?”

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో అనుకుందావిడ. సగం సిగ్గే. మిగతా సగం, అలాంటి మనసు కూడా ఆవిడకే ఎందుకుండాలన్న కుళ్లు.