అవ్వ పొడిడబ్బీ, బావ నల్లకళ్లద్దాలు

ఆ రోజుల్లో లోకం సంగతులన్నీ మాకు డేరా సినిమాయే నేర్పింది. గుండెజబ్బు వచ్చినవాడు ఎడమ రొమ్ము పట్టుకుని మెట్ల మీద నుంచి దొర్లుతాడనీ, క్షయ వచ్చినవాడు తెల్ల రుమాలులోనే దగ్గుతాడనీ, కడుపుతో ఉన్న పిల్ల నలుగురూ చూస్తుండగానే వాంతి చేసుకుంటుందనీ, ఇవన్నీ తిరుత్తణిలో ఇసకలో కూర్చుని నేర్చుకున్న చదువులే. మత్తుమందు సంగతీ అలాగే తెలిసింది. తెలియడమంటే, తెలిసిందనుకున్నాం. గోడ మీద మా తాంబూలాల ఫోటోలో తాతకు గుండు ఎందుకుంది, గుండు కింద ఆ నల్లకళ్లద్దాలు ఎందుకున్నాయి అని అడిగావు కాబట్టి ఇదంతా చెప్పాల్సి వస్తోంది. (మెల్లగానే చెప్తా పాపా. నీకు అరవం రాసినంత బిరబిరా తెలుగు రాయడం రాదని తెలుసులే. అరవంలో రాసేస్తానంటే మాత్రం ఒప్పుకోను.)

మాది సామి గుడి ఉన్న కొండ కింద టెంకాయలు, కర్పూరం అమ్మే అంగడి. ఇంటికి పెద్ద మా అవ్వ, అంటే మా నాయనను కన్నతల్లి. నాయన అక్కను నేను అత్తా అని పిలిచేదాన్ని. మొగుడు పోయాక ఆమె కొడుకును తీసుకుని మా ఇంటికే వచ్చేసింది. ఆ కొడుకే మా బావ, నీ తాత. మా ఇద్దరికీ ముడిపెట్టాలని పెద్దవాళ్లు ఎప్పుడో అనుకున్నారు. నన్ను అడిగినవాళ్లు లేరు, అడిగితే వద్దంటానేమోనని భయపడాల్సిన పనీ లేదు. బావ వస్తున్నాడంటే నేను అద్దం ముందు ఎంతసేపు ఉండేదాన్నో అమ్మకు తెలుసు. అప్పుడు ఆత్తిపట్టు వైపు పెద్ద కరెంటు కేంద్రం కట్టే పనులు జరుగుతున్నాయి. బావ అక్కడే ఉద్యోగం, ఆఫీసులో కుర్చీలో కూర్చుని చేసే పని అని చెప్పాడు. రాబోయే శుక్రవారం మా తాంబూలాలు. ఇంట్లో అప్పటికే వక్కలు నానుతున్నాయి. (వక్కలు నానబెడతారా అని అడగొద్దు. మా అవ్వ నానబెట్టేది.)

ఆ ముందు వారమే డేరాకు ఆ మత్తుమందు సినిమా వచ్చింది. మొదటి ఆటకు ఇంటిల్లిపాదీ పోయాం. ఇసక కుప్పగా పోసి దాని మీద అవ్వను కూర్చోబెట్టాం, ముందున్న వాళ్ల కొప్పులు అడ్డం రాకుండా. కథ ఏమంటే, గొప్పింటి చిన్నబ్బాయి పట్నం కాలేజీకి పోతాడు. అక్కడ జుట్టు పెంచుకున్న నలుగురు స్నేహితులు, ఎర్రలైటూ పచ్చలైటూ గిరగిర తిరిగే గది, డోలు, మొలకు పైన ఏమీ తొడుక్కోని ఒక అడ్డదిడ్డపు మనిషి. వాడు వీడికి ఏదో చిన్న సీసా ఇస్తాడు. అంతే, మరుసటి సీనుకే కళ్లు మోదుగుపూలు, మొహానికి నల్లకళ్లద్దాలు. వెలుతురు పడదంటాడు. తల్లి దీపం తన్నేస్తాడు. చెల్లెలి పెళ్లి ఆగిపోతుంది. ఆఖరికి అన్న వాణ్ణి గదిలో పెట్టి తాళం వేస్తాడు. వాడు లోపల నేల మీద పాకుతూ "ఒక్కసారి, ఒకే ఒక్కసారి" అని బతిమాలతాడు. డేరా అంతా ఒకటే నవ్వు, ఈలలు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా అవ్వే. నవ్వి నవ్వి కొంగుముడి విప్పి, పొడిడబ్బీ తీసి, రెండు వేళ్లకు చిటికెడు ముక్కుపొడి పట్టించి లాగి, తుమ్మి, మళ్లీ నవ్వింది. తెర మీద గది బయట అన్న ఒక పాట పాడాడు. పాట అయ్యేసరికి తమ్ముడికి జబ్బు నయమైపోయింది. తల దువ్వుకుని వచ్చి తల్లి కాళ్ల మీద పడ్డాడు.

మేము ఆ సినిమా ఇంకా మరవకముందే తాంబూలాలకని బావ వచ్చాడు. స్టేషను నుంచి గోడ పట్టుకుని నడిచి వచ్చాడు. చెవుల మీదికి దిగిన జుట్టు, మొహానికి నల్లకళ్లద్దాలు. వాకిట్లో నీళ్లబిందె కనపడక తన్నేశాడు. అత్త పరుగున పోయి కళ్లద్దాలు తీస్తే లోపల కళ్లు ఎర్రగా, ధారగా నీళ్లు కారుతున్నాయి.

"ఏమిరా ఇది?" అంది అత్త.

"ఏం లేదుమ్మా. కొంచెం కన్ను నొప్పి. ఎలుతురు పడకుండా పడుకుంటే సరిపోతాది."

అవ్వ బావ సంచి తెచ్చి కుమ్మరించింది. రెండు చొక్కాలు, దువ్వెన, రబ్బరు తల ఉన్న చిన్న సీసా ఒకటి బయటపడ్డాయి. అవ్వ ఆ సీసా వాసన చూసింది, నాకు చూపించింది, నాయనకు చూపించింది. ఏ వాసనా లేదు. అదే ఇంకా అనుమానంగా తోచింది మాకు.

"అది కంట్లో ఏసుకునే మందు అవ్వా."

"మందే. ఆ మాట నువ్వే అంటివి కదా" అని అవ్వ సీసా తీసుకుపోయి కాలవలో పోసేసింది.

"పావం, నిజంగా కన్ను నొప్పేమోమ్మా" అంది అత్త.

"ఆ సినిమాలో పైయను, ఆ చిన్నబ్బాయి, తలనొప్పి అన్లేదామ్మే? యా కొడుకైనా నేను మందు తీసుకుంటా ఉండానమ్మా అని తల్లితో చెప్తాడా? తాంబూలం లేదు, గీంబూలం లేదు. వీడు బాగుపడేదాకా నా మనవరాల్ని ఇచ్చేది లేదు."

అదీ సంగతి. శుక్రవారం అలా గాలిలో వేలాడింది. అవ్వ అంతటితో ఆగితే ఏదో ఒకటి చెప్పుకునేవాళ్లం. మా వైపు కర్పూరం కొట్టి ప్రమాణం చేస్తారు. అరచేతి మందం కర్పూరం వెలిగించి, చేత్తో కొట్టి ఆర్పి మాట ఇస్తే ఇక ఆ మాటకు తిరుగులేదు. మాకు కర్పూరం కరువా, అవ్వ బావను సరుకుల గదిలో పెట్టి తాళం వేసి, గుప్పెడు తెచ్చి వాకిట్లో వెలిగించింది. "కొండ మింద సామి సాక్షి. వీడి అలవాటు పోయేదాకా ఈ గది తాళం తియ్యను. అందాకా ఈ ఇంట్లో యా అలవాటున్నోళ్లు గానీ దాన్ని ముట్టుకోకూడదు" అని టప్పున కొట్టింది. ఆ రెండో మాట సినిమాలో లేదు. ఊపులో సొంతంగా కలిపింది.

నాయన నోట్లో బీడీ అలాగే ఆగిపోయింది. అత్త బుగ్గన ఉన్న ఆకూ పొగాకూ మెల్లగా పోయి ఊసి వచ్చింది. నాయన బీడీ కింద పడేసి, కాలితో నలిపి, చాలా వినయంగా అడిగాడు. "అమ్మా, మరి నీ పొడి?"

"అది అలవాటా? జలుబుకి రా అది."

"సరేమ్మా. ఆ సంగతి కర్పూరానికి తెలుసునా?"

అవ్వ మొహం చూడాల్సింది. కొంగుముడి విప్పి, డబ్బీని ఒకసారి చూసుకుని, బావను పెట్టిన సరుకుల గది కిటికీలోంచి లోపలికి విసిరేసింది. "నువ్వు మానితే నేనూ మానినట్టే పోరా" అంది బావతో. ఆ క్షణాన నిజంగా సినిమా తల్లిలాగే ఉంది.

ఇక నా సంగతి చెప్పాలి. నేను ఏడ్చాను, నిజమే. కానీ ఏడుస్తూనే లోలోపల ఒక చిన్న సంబరం. తిరుత్తణిలో ఎవరికి దొరుకుతుంది ఇంత పెద్ద కష్టం? తెల్లచీర లేదు కాబట్టి అమ్మ వెలిసిపోయిన నేతచీర కట్టుకుని, జడ విప్పుకుని, కిటికీ దగ్గర నిలబడి పాట ఎత్తుకున్నాను. బాగుపడాలంటే ఒక పాట కావాలి కదా. రెండో చరణం దాకా పోనిచ్చి లోపలి నుంచి బావ అన్నాడు. "కొంచెం సుమ్మా ఊరుకుంటావా, తలకాయ పగిలిపోతా ఉండాది. ఉంటే ఒక పచ్చి ఉర్లగడ్డ తెచ్చియ్యి." పచ్చి ఉర్లగడ్డ, అంటే బంగాళాదుంప. మెదడు పోయిందని అప్పుడే అర్థమైంది నాకు. ఎవరూ చూడకుండా తెచ్చి ఇచ్చాను. బావ దాన్ని బిళ్లలుగా కోసి రెండు కళ్ల మీదా పెట్టుకుని చాప మీద కాళ్లు చాపుకున్నాడు. అది చూసి నేను పెట్టిన పరుగు వంటింట్లో గానీ ఆగలేదు. (నవ్వకు. కన్ను మండితే ఉర్లగడ్డ పెడతారని నాకేం తెలుసు? సినిమాలో అది చూపించలేదు.)

బావ రోజూ అన్నం తిన్నాడు, చీకట్లో హాయిగా నిద్రపోయాడు. పెరట్లోకి పోవాల్సి వస్తే (అది తాళం తీసిన లెక్కలోకి రాదంది అవ్వ) నాయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, చెయ్యి పట్టుకుని తెచ్చేవాడు. కళ్లు తెల్లబడుతూ వచ్చాయి. "చూడండి, సినిమాలో చేసినట్టే చేస్తే సరిపాయె" అని అత్త మురిసిపోయింది. చెడిపోయింది అవ్వే. మొదట ఆవలింతలు పట్టుకున్నాయి, ఒకదాని వెనక ఒకటి. తరువాత ముక్కు కారడం, చెయ్యి వణకడం. లోటా ఎత్తితే నీళ్లు సగం చీర మీదే. టెంకాయ పగలకొట్టి ఇమ్మన్న భక్తుడితో "నీ తల మింద కొట్టుకోపో" అంది. నాయన అంగడి వెనక్కి పోతే వెనకే పోయి నోరు వాసన చూసేది. ఒక పూట అత్త దొంగగా ఆకు నములుతోందని పట్టుకుని, దవడలు విప్పి లోపలికి చూసింది. నోట్లో లవంగం తప్ప ఏమీ లేదు. అంత పెద్ద మనిషి, కొడుకు పెళ్లీడుకొచ్చిన మనిషి, అత్త పావం గోడకు తిరిగి ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా అవ్వ లేచి సరుకుల గది కిటికీ దగ్గరికి పోవడం వంటింటి తలుపు సందులోంచి చూశాను.

"అబ్బోడా, నిద్దరపోతా ఉండావా?"

"లేదవ్వా."

"ఆ డబ్బీ యాడ పెట్టినావు?"

"నువ్వు ఇసిరినకాడే ఉండాది. నేను ముట్టుకోలేదు."

"ఇట్లియ్యి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి. సుమ్మా, ఊరికే వాసన చూసి ఇచ్చేస్తా."

అనేశాక అది ఎక్కడ విన్న మాటో ఆమెకే గుర్తొచ్చింది. లోపలి నుంచి బావ చెయ్యి చాచి డబ్బీ ఇచ్చాడు. అవ్వ చేతుల్లో దాని మూత గలగలమని కొట్టుకుంది. తెరవలేదు. అలాగే పట్టుకుని తలుపుకు ఆనుకుని కింద కూలబడింది.

"నీకు ఒళ్లు నొయ్యలేదారా?"

"లేదే."

"ఆవలింతలు రాలేదా? మనుషులను చూస్తే కొరకబుద్ది కాలేదా?"

"లేదవ్వా. బాగా నిద్దరపోయినా."

"నాకు కన్ను మూత పడలేదురా. మీయమ్మ నోట్లో ఏలు పెట్టి చూసినా. నా బిడ్డ నోట్లో." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ డేరాలో మనం నవ్వినాము కదరా ఆ పైయన్ని చూసి. ఈల ఏసినారు. పావం, వాడికి ఎట్లుండిందో."

"అది సినిమా అవ్వా."

"సినిమాలో పాటతో పోయింది. నిజంగా ఉండేవోళ్లకి యా పాటతో పోతాది?" తలుపు వైపు తిరిగి అంది. "నువ్వు యేదీ తీసుకోలేదు. తీసుకున్నోడు నీ మాదిరి ఇంత నిమ్మళంగా కూర్చోలేడు. ఇప్పుడు నాకు తెలుసు. మరి కండ్లు యేమయ్యె?"

అప్పుడు చెప్పాడు బావ. ఆఫీసూ లేదు, కుర్చీ లేదు. ఇనుము అతికించే వెల్డింగు పని. మొహానికి అద్దం అడ్డం పెట్టుకోకుండా మంట చూసినందుకు కళ్లు కాలాయి. "అంగడోళ్ల పిల్లను నిప్పుపని చేసేవోడికి ఇస్తారా అని భయపడి చెప్పలేదు అవ్వా."

"కర్పూరం అమ్మేవోళ్లం, మాకు నిప్పంటే భయమా?" అని అవ్వ లేచి తాళం తీసింది.

కొట్టిన కర్పూరం మాత్రం ఊరికే పోదు కదా. లేని అలవాటు ఎలా పోతుంది, అది పోకుండా తాళం తీస్తే ఎలా? కొండ మీద జుట్టు ఇచ్చి మాట విడిపించుకోవాలని అవ్వ తేల్చింది. "నా నెరిసిన జుట్టు ఇస్తే సామి మూతి తిప్పుకుంటాడు" అని బావను కూర్చోబెట్టింది. చెవుల మీది జుట్టంతా పోయింది. నాయన ఇంకా కొండ దిగకముందే బీడీ వెలిగించాడు. శుక్రవారం తాంబూలాలు జరిగాయి. ఫోటోవాడి లైటుకు కన్ను చెదురుతుందని బావ కళ్లద్దాలు తియ్యనన్నాడు. పక్కన నేను తల వంచుకుని ఉన్నది సిగ్గుతో అనుకుంటారు అందరూ. గుండు చూసి నవ్వు ఆపుకోలేక. అవ్వ మొహం చెదిరినట్టు పడింది చూడు, ఫోటో తీసే క్షణానికి తుమ్మింది.

తరువాత అవ్వ చాలాసార్లు మానింది. ప్రతి ఏడూ కొండ మీద ఆడికృత్తిక పండగకు "ఈ తూరి మానేసినా" అనేది, నాలుగు రోజులు కాకముందే కొంగుముడి బరువెక్కేది. మేము చూడనట్టు ఊరుకునేవాళ్లం. కానీ డేరాలో ఎప్పుడైనా తెర మీద తాగుబోతు దొర్లితే, ఈలలు మొదలైతే, అవ్వ మాత్రం నవ్వేది కాదు. "సుమ్మా ఉండండిరా" అని ముందున్న పిల్లలను కసిరేది.

ఇన్నాళ్లకు నా వంతు వచ్చింది. డాక్టరు కాఫీ పొద్దున ఒక్కసారే అన్నాడు. మీ అమ్మ డికాక్షను ఎక్కడ దాస్తుందో నాకు తెలియదనుకుంటోంది. అప్పటి ఆ పిల్ల, జడ విప్పుకుని కిటికీ దగ్గర పాట పాడితే ఎవరికైనా ఏదైనా నయమవుతుందని నమ్మిన పిల్ల, ఇప్పుడు ఎదురుగా ఉంటే దగ్గర కూర్చోబెట్టుకుని ఒక ఉర్లగడ్డ చేతికిచ్చేదాన్ని. రాసేసినావా? సరే, ఆ పెన్ను అట్ల పెట్టి లోపల మీ అమ్మ యాడుందో చూసి రా పాపా. నీ లోటాలో కాఫీ ఇంకా మిగిలుంది కదా, ఇట్లియ్యి. సుమ్మా వాసన చూసి ఇచ్చేస్తా.