మేస్త్రి భార్య ఎక్కని పడవ

పొద్దున్నే స్నానాలగదిలో దూరిన పడవల మేస్త్రి ఒక పట్టాన బయటికి రాడు. తొట్టిలో చెంబునీ సబ్బుపెట్టెనీ తేలేసి, అంచు మీద వేలితో నొక్కుతూ ఏది ఎంత ఒరుగుతుందో చూస్తుంటాడు.

"లోపల స్నానమా, సముద్రయానమా?" అని భార్య తలుపు కొడుతుంది.

ఆవిడకి పడవంటే పడదు. చెల్లెలిల్లు సముద్రపు పాయకి సరిగ్గా అవతల. ఆ పెరట్లో బట్టలారేస్తే ఇక్కడికి కనిపిస్తాయి. అయినా ఊళ్ళన్నీ చుట్టే బస్సెక్కేది. పడవెక్కితే కడుపులో తిప్పుతుందట.

"వంటవాడి పెళ్ళాం హోటల్లో తిన్నట్టుంది బావా నీ సంసారం," అనేవాడు పడవ నడిపే బావమరిది.

ఇంతలో చెల్లెలికి నెలలు నిండాయి, మంచం దిగొద్దన్నారు. రోజూ వెళ్ళిరావాలి. అంత దూరం రోజూ బస్సులో కుదరదు. మేస్త్రికి పౌరుషం వచ్చింది.

ఎంత నొక్కినా ఒరగనిది సబ్బుపెట్టె. అందుకే బల్లపరుపు అడుగుతో, వెడల్పుగా పడవ చేశాడు. ఒడ్డున నలుగురెక్కి గెంతినా చెక్కుచెదరలేదు. పాయ మధ్యకి వెళ్ళాక చూడాలి దాని సంగతి. అల ఎటు వాలితే పడవా అటే వాలి, మరుక్షణం టపీమని తిరిగి పడేది. ఆవిణ్ణి చేటలో బియ్యంలా చెరిగేసింది. సగంలోనే వెనక్కి తిప్పారు.

"ఒడ్డున నిలబడ్డానికైతే బాగానే చేశారు. నేను వెళ్ళాల్సింది అవతలికండీ," అంది, ముఖం కడుక్కుంటూ.

మర్నాడు మేస్త్రి వేలితో నొక్కడం మానేసి, తొట్టిలో నీళ్ళని చరిచాడు. సబ్బుపెట్టె ప్రతి అలకీ ఎగిరిపడింది. గుండ్రటి చెంబు మాత్రం, అలలు కిందనుంచి పోతుంటే, బద్ధకంగా ఊగుతూ ఉండిపోయింది.

ఈసారి అడుగు గుండ్రంగా చేశాడు. ఊపు త్వరగా ఆగేలా కింద రెండు పక్కలా పొడుగ్గా చెక్క రెక్కలు బిగించాడు.

"కాలు పెట్టగానే ఒరుగుతోందేంటి బావా? అక్క చూసిందంటే నీ మంచం వీధిలో ఉంటుంది."

ఆవిడ చూసింది, కాలూ పెట్టింది. పడవ ఒరిగింది. గబుక్కున మొగుడి భుజం పట్టుకుంది.

"మీరూ పక్కనే కూర్చోండి. పోతే ఇద్దరం పోదాం."

మేస్త్రి ఆవిడ పక్కనే కూర్చున్నాడు. అలలు వచ్చాయి, కిందనుంచి జారిపోయాయి. పడవ తీరిగ్గా వంగి, తీరిగ్గా లేచింది. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది.

"మధ్యకి ఎప్పుడొస్తాంరా?"

"మధ్య ఎప్పుడో పోయింది. దిగు అక్కా."

చెల్లెలికి కూతురు పుట్టింది. ఆవిడిప్పుడు వారంలో సగం రోజులు అవతలి ఒడ్డునే ఉంటోంది. మేస్త్రి తన వంట తనే చేసుకుంటున్నాడు.