జేబులో రెండు హెడ్‌లైట్ బల్బులు

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. చిక్కడపల్లిలో పెళ్లికాని మనిషికే ఇల్లు కిరాయికి ఇవ్వరు, పాదాలు వెనక్కి తిరిగిన వాళ్లకు ఎవరిస్తారు? ఈ మాట చెప్పి చాలామందిని నవ్వించాను. 2012 ఎండాకాలంలో ఒక సాయంత్రం తర్వాత కూడా చెబుతూనే ఉన్నాను. కాకపోతే ఇంట్లో చెప్పడం మానేశాను.

నాన్నకు కోఠిలో నోటుబుక్కుల దుకాణం ఉండేది. ఒక పాత తెల్ల కారు, దాని డిక్కీలో ఎప్పుడూ కాగితం కట్టలు. సాయంత్రం ఏడు దాటాక ఆ కారు మా గల్లీ మలుపు తిరిగితే, ఎడమ హెడ్‌లైటు వెలుగు వంటింటి కిటికీలోంచి వచ్చి స్టీలు గిన్నెల స్టాండు మీద పడేది. సరిగ్గా కింది నుంచి మూడో అరలో, నాన్న నీళ్లు తాగే పొడుగు గ్లాసు మీద. గ్లాసు మెరవగానే అమ్మ లేచి కంచం పెట్టేది. ఆయన కాళ్లు కడుక్కుని వచ్చేసరికి అన్నం మీద పప్పు ఉండేది. మా ఇంట్లో గడియారం కన్నా ఆ గ్లాసునే ఎక్కువ నమ్మేవాళ్లం.

ఆ సాయంత్రానికి ముందు ఏడాది నాన్న పోయారు. కారు గేటు పక్కన కవరు కింద ఉండిపోయింది. పిల్లులు మాత్రం బాగా వాడుకున్నాయి.

అశోక్‌నగర్‌లో హాస్టల్ నడిపే ఒకాయన, కూరగాయలు తెచ్చుకోవడానికి పనికొస్తుందని కొంటానన్నారు. ఒకటే షరతు. ఎడమ లైటు వెలగడం లేదు కాబట్టి రెండూ మార్చాలి, అదీ తెల్లగా మెరిసే రకం పెట్టాలి. అమ్మ "నీ ఇష్టం" అంది. అమ్మ ఆ మాట అందంటే తనకు ఇష్టం లేదని. నాకూ లేదు. కానీ ఆ కారు ఉన్నంతకాలం, ఏడయ్యేసరికి మేమిద్దరం ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లి స్టాండు వైపు చూసేవాళ్లం. అది ఆగాలంటే అమ్మేయాలి అనుకున్నాను.

కారును నారాయణగూడలో మెకానిక్ యాదగిరన్న షెడ్డుకు తీసుకెళ్లాను. పాత బండికి సామాను కొనాలంటే పేరు చెబితే చాలదు, పాతది చూపించాలి. అందుకని ఆయన రెండు బల్బులూ ఊడదీసి కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు.

స్పేర్ పార్టుల కొట్టాయన ఎడమ బల్బును వెలుతురుకు పట్టి చూశాడు. "లోపల తీగ తెగింది తమ్మీ. ఇది పోయి శాన దినాలైంది."

మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. "వంద వాట్లది పెడితే పాత వైరింగు కాలుతది. తెల్లది షోకుకు మంచిగుంటది గని వానల రోడ్డు కనవడదు. పాత బండికి ఈ పసుపుదే మంచిది."

"కొనేటాయన తెల్లది అడిగిండన్నా."

"మరి తెల్లదే తీస్కపో. గీ రెండు బల్బులకు ఇంత పరేషాన్ ఏంది?"

రేపొస్తానని చెప్పి, పాత బల్బులు చొక్కా జేబులో వేసుకుని ఇంటికి నడిచాను.

ఇల్లు చేరేసరికి ఏడుంపావు. కరెంటు లేదు. వంటింట్లో అమ్మ పీట మీద కూర్చుని అగ్గిపెట్టె తెరుస్తోంది. నేను ఆమె పక్కనే నిలబడ్డాను.

ముందు కిటికీ ఊచల నీడలు గోడ మీద కదిలాయి. తర్వాత పసుపు వెలుగు స్టాండు మీదికి వచ్చి మూడో అరలో ఆగింది. గ్లాసు మెరిసింది.

అమ్మ అగ్గిపెట్టె పక్కన పెట్టి లేచింది. కంచం తీసింది, అన్నం పెట్టింది, పప్పు వేసింది. గ్లాసు అందుకుని నీళ్లు ముంచింది. అప్పుడు నన్ను చూసింది. వెలుగు పోయింది.

చీకట్లోంచి "తినురా, చల్లారుతది" అంది.

కూర్చుని తిన్నాను. పప్పులో ఉప్పు లేదు. మామూలుగా అయితే దాని మీద నాలుగు జోకులు వేసేవాణ్ణి. ఆ రోజు వేయలేదు.

జేబు తడుముకుంటే బల్బులు రెండూ ఉన్నాయి. వెచ్చగా ఉన్నాయి కూడా. అయితే మే నెలలో మా ఇంటి గోడలు కూడా వెచ్చగానే ఉంటాయి కాబట్టి దాన్ని సాక్ష్యం కింద తీసుకోవద్దు. బయటికి వెళ్లి చూశాను. గల్లీ ఖాళీ. ఎదురింటి అంకుల్ గాలి కోసం అరుగు మీద కూర్చున్నారు. గంట నుంచి ఒక్క బండీ లోపలికి రాలేదన్నారు. తర్వాత వారం పాటు స్నేహితుల సాయంతో అన్నీ పరీక్షించాను. ఆటో వెలుగు మొదటి అర దాటలేదు. మోటార్ సైకిలుది నేరుగా పైకప్పుకు పోయింది. టార్చితో నేను చేసిన ప్రయత్నం చూసి అంకుల్ నన్ను దొంగ అనుకున్నారు.

పసుపు బల్బులు మాత్రం ఆ సాయంత్రానికి మర్నాడే వెళ్లి కొన్నాను. హాస్టలాయనకు ఫోన్ చేసి, ఇంజను బాగాలేదు, అమ్మడం లేదన్నాను. ఇంజను గురించి అలా అన్నందుకు నాన్న నన్ను క్షమించరు.

కొత్త బల్బులతో మలుపు తిరిగితే వెలుగు రెండో అర దగ్గరే ఆగిపోయింది. యాదగిరన్న లైటు ఎత్తు మార్చే స్క్రూ చివరిదాకా తిప్పి చూశాడు. "ఇంతకన్న పైకి పోదు. ఎనక బరువుంటే ముక్కు లేస్తది, అప్పుడు పోతది."

ఆయన చెప్పాకే వెలిగింది నాకు. నాన్న పోయాక డిక్కీ ఖాళీ చేసింది నేనే. మిగిలిన కాగితం కట్టలు నాలుగు మళ్లీ అందులో వేసుకుని, ఏడు దాటాక ఇంటికి వచ్చాను. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లేసరికి కంచంలో అన్నం ఉంది, పొడుగు గ్లాసులో నీళ్లున్నాయి.

అమ్మే అంది: "నువ్వని ఎరుకే. అయినా లేచిన."

ఆ కట్టలు ఇప్పటికీ డిక్కీలోనే ఉన్నాయి. నాన్న వెలుగు అంత ఎత్తుకు ఎలా వెళ్లేదో నాకు తెలిసిపోయింది. తెలియనిది ఆ ఒక్క సాయంత్రం సంగతే. కారు నారాయణగూడలో ఉంది, డిక్కీ ఖాళీగా ఉంది, తీగ తెగిన బల్బు నా జేబులో ఉంది. ఎన్ని విధాలుగా ఆలోచించినా ఆ వెలుగు ఎక్కడిదో నాకు అంతుపట్టలేదు.

కారు గేటు పక్కనే నిలిపి ఉన్న రోజుల్లో కూడా, ఏడయ్యేసరికి వంటింట్లోకి వెళ్తాను. అమ్మ అప్పటికే అక్కడ ఉంటుంది. ఇద్దరికీ ఏదో పని ఉంటుంది.