బతికున్న మనిషి ముఖం

2023 ఫిబ్రవరి 6, సోమవారం, ఉదయం పదిన్నర. జనగామ బస్టాండులో హనుమకొండ బస్సు కోసం నిలబడి ఉండగా భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, నా బొమ్మకు పూలదండ ఏసిన్రు. అగరొత్తులు గూడ ముట్టిచ్చిన్రు. జర జల్ది రండ్రి."

మాట్లాడుతున్నది బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన కార్మికుడు. కార్మికుల క్వార్టర్ల ప్రహరీ గోడపై ఆయన ముఖాన్ని రెండు నిలువుల ఎత్తున వేయించి నాలుగు రోజులైంది.

నా ఉద్యోగాన్ని క్యూరేటర్ అంటారు. గోడను ఎంపిక చేయడం, చుట్టూ నివసించేవారితో కూర్చుని దానిపై ఏముండాలో తేల్చడం, చిత్రకారులను రప్పించడం నా పని. మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటి వ్యక్తిని నేనే. కాగితం మీద రాసినదంతా నిలుస్తుందని నమ్మేదాన్ని. అందుకే ఆ గోడ కోసం నాలుగు సమావేశాలు పెట్టాను. ఎవరి ముఖం, ఏ రంగు, ఎంత ఎత్తు, అన్నీ అడిగాను. హాజరైనవారందరి సంతకాలూ తీసుకున్నాను.

మధ్యాహ్నం చేరేసరికి ఆయన ఇంటి ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. ఆయన పోయారన్న కబురు విని మొగుళ్లపల్లి నుంచి బంధువులు శోకాలు పెట్టుకుంటూ వచ్చారట. తలుపు ఆయనే తీశారట.

"ఏడ్సుకుంట వచ్చినోళ్లకు నేనే చాయ పోసిన మేడం," అన్నారు. నవ్వింది ఆయనొక్కరే. ఆయన భార్య లోపలి గది గడప దగ్గర కూర్చుని ఉంది.

"నా పుస్తె నా మెడలుండంగనే నా మొగనికి దండ ఏపిచ్చినవ్ బిడ్డా. ఏడికి పోవాల్నన్నా గా గోడ ముంగటికెల్లే పోవాలె. ఎదురైనోళ్లంత నా బొట్టు దిక్కే జూస్తున్నరు. నేనిగ బయటికి రాను."

దండ వేసినవారు ఆకతాయిలు కారు. పక్క వీధికి కొత్తగా వచ్చిన కుటుంబం గౌరవంతో వేసింది. ఆ కాలనీలో గోడకెక్కే ముఖం గనిలో పోయినవారిదేనట. ఈ సంగతి నాలుగు సమావేశాల్లో ఒక్కరూ నోరు విప్పి చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. సంచిలోంచి సంతకాల ఫారాలు తీశాను.

"మీరు సంతకం పెట్టారు కదా బాపూ?"

"పెట్టిన. మీరు గంత దూరమెల్లి వచ్చి అడిగితే వద్దంటనా?"

సమావేశాలన్నిటికీ వచ్చిన పొరుగింటావిడ అందుకుంది: "మాకు ఎరికే. సదువుకున్నదానివి, నీకు తెల్వదా అనుకున్నం."

నాకీ పని అప్పగించిన సంస్థ కార్యాలయానికి ఫోన్ చేశాను. ఆహ్వాన పత్రికలో ఆ ముఖమే అచ్చయింది కనుక ప్రారంభోత్సవం దాకా ముట్టుకోవద్దన్నారు. పూలదండతో ఫోటో ఇంకా బాగుంటుందని కూడా అన్నారు. ఫోన్ పెట్టేసి సున్నం బకెట్ తెప్పించాను.

తీరా తుడిచేవారు దొరకలేదు. బతికున్న మనిషి ముఖాన్ని చెరపడం మంచిది కాదని ఆ బొమ్మ వేసిన చిత్రకారుడు కుంచె కింద పెట్టాడు. పొరుగింటావిడ చేతులు కొంగులో దాచుకుంది. నేను నిచ్చెన ఎక్కబోతుంటే ఆయన భార్య అంత కోపంలోనూ బయటికి వచ్చి అడ్డం నిలబడింది.

"నువ్వు గూడ తుడ్వద్దు."

వేయడం తప్పు, తుడవడమూ తప్పు. మరి నన్నేం చేయమంటారని గట్టిగానే అరిచాను.

చివరకు ఆయనే లుంగీ ఎగగట్టి నిచ్చెనెక్కారు. "జరుగుండ్రి. నా మొకం నేను కడుక్కుంటే ఎవనికి నొప్పి?"

భార్య నిచ్చెన పట్టుకుంది. కళ్ల మీద సున్నం పడుతున్నంతసేపూ తల దించుకుని, తర్వాత పైకి చూసి, "మీసం ఇంక కనవడుతాంది, గది గూడ తుడువు," అంది.

మరునాటి నుంచి ఆమె ఆ దారిన మళ్లీ నడిచింది. ప్రారంభోత్సవం జరగలేదు; సంస్థ నా ఒప్పందాన్ని పొడిగించలేదు. ఆ తర్వాత మహబూబాబాద్‌లో సొంతంగా చేపట్టిన పనిలో, గోడ మీద ఏముండకూడదో మొదట అడిగాను. ఫారాలు ఆఖరున ఇచ్చాను.