బీటా వాన, చిలమత్తూరు వాన

2006. అనంతపురంలో ఒక మందుల షాపు పైన గది అద్దెకు తీసుకుని ఖాదర్, నేను కంప్యూటర్ గేములు తయారుచేసేవాళ్లం. విన్నవాళ్లంతా నవ్వారు. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తూ రోజులు నెట్టుకొస్తుంటే, పల్లె బడులకు సాయం చేసే ఒక ట్రస్టు నుంచి సులోచనమ్మగారు వచ్చారు. వేరుశనగ సేద్యం మీద పిల్లలకు ఒక గేమ్ కావాలన్నారు. ముందు ఒక బడిలో ఆడించి చూపాలి, నచ్చితే అన్ని బడులకూ మేమే చెయ్యాలి. ఆ పని పోతే ఆఫీసుకు తాళం వేసి బెంగళూరులో ఎవరి కిందో చేరడమే. నాకది చచ్చినా ఇష్టం లేదు.

గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను గేమ్ ఇంజిన్ అంటారు. మేం వాడే ఇంజిన్‌కు అప్పుడు రెండు వెర్షన్లు ఉండేవి. స్టేబుల్ అంటే చాలామంది వాడి, తప్పులు దిద్దుకుని, నిలకడగా పనిచేసేది. బీటా అంటే కొత్త హంగులతో వచ్చి ఇంకా పరీక్షలో ఉన్నది. ఆ బీటాలో వాన రెడీమేడ్‌గా ఉంది, బటన్ నొక్కితే తెర నిండా జల్లు. స్టేబుల్‌లో చుక్క లేదు. వాన లేకుండా వేరుశనగ గేమ్ ఏం చేస్తాం?

ఖాదర్‌ది చిలమత్తూరు. బొమ్మలు గీయడంలో దిట్ట, కానీ కొత్తది కనిపిస్తే ఆగలేడు. నన్నడక్కుండా బీటాలోనే నమూనా చేసేశాడు. సులోచనమ్మగారు చూడటానికి వచ్చారు. తెర మీద మబ్బు పట్టి వాన మొదలవగానే ఆమె ముఖం వెలిగిపోయింది. అంతలో గేమ్ బిగుసుకుపోయింది. చినుకులన్నీ గాల్లోనే నిలబడిపోయాయి.

"ఏమప్పా, మా పిల్లోళ్లకి బయట ఎట్లాగూ వాన మోసం చేస్తాండాది. నీ కంప్యూటర్లో గూడా ఇదేనా?" అన్నారామె.

ఆమె వెళ్లాక నేను ఖాదర్ మీద విరుచుకుపడ్డాను.

"బడిలో కంప్యూటర్ చూసినావా నువ్వు? మనదాంట్లోనే ఆగిపోతే ఆడ నడుస్తాదా?"

"తప్పులు దిద్ది మళ్లీ వదుల్తారక్కా."

"ఎప్పుడు?"

"తెలీదు. స్టేబుల్లో చేస్తే వాన యాడనుంచి తెస్తావు మరి?"

"నువ్వు గీయి."

"చేత్తోనా? చినుకు చినుకూ?"

"చేత్తోనే. మీ ఊర్లో ఎట్లొస్తాదో అట్ల."

అలిగి, బ్యాగు సర్దుకుని ఊరికి పోయాడు. నేనూ తగ్గలేదు. కోపమొస్తే నా నోరు, చెయ్యి రెండూ ఆగవు. బీటాను ఖాదర్ మిషన్‌లోంచి పీకి పారేశాను.

నాలుగు రోజులకు ఊర్లో వాన చూసి తిరిగొచ్చాడు, వస్తూనే గీయడం మొదలుపెట్టాడు. అతని బొమ్మల్లో ముందు గాలి లేస్తుంది, దుమ్ము సుడి తిరుగుతుంది. లావుపాటి చినుకులు నాలుగు పడి ఆగిపోతాయి. తర్వాత పక్క చేనులో కురుస్తుంది, మన చేను మాత్రం ఎండలోనే ఉంటుంది. అప్పుడు తెలిసింది నాకు. బీటా వాన తెరంతా ఒకే తీరుగా పడేది. మా దిక్కున వాన ఏనాడు అట్లా పడింది గనక?

కణేకల్ దగ్గర ఒక పల్లె బడిలో గేమ్ పెట్టాం. పాత కంప్యూటర్, వస్తూ పోతూ ఉండే కరెంటు. పిల్లలు విత్తనం వేశారు. గాలి లేచింది, నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి, పక్క చేనులో వాన దిగింది. ముందు వరసలో ఒక పిల్ల లేచి నిలబడి తెర వైపు చూసి కేకేసింది.

"ఓ వానా, ఆడ్నే ఏం చేస్తాండావ్? ఈ పక్కకి రా!"

గదిలో ఉన్న పిల్లలంతా అందుకున్నారు. వాన మెల్లగా గట్టు దాటింది. వాళ్ల చేనులో పడగానే ఒకటే అరుపులు, ఈలలు. సాయంత్రం దాకా ఆడారు, గేమ్ ఒక్కసారి కూడా ఆగలేదు.

సులోచనమ్మగారు ఖాదర్ వీపు తట్టి, "ఇంగ అన్ని బడులకీ మీరే చేయాలప్పా" అన్నారు. గెలిచామనుకున్నాను. అందరి ముందే ఏడ్చేశాను, సిగ్గేమీ పడలేదు.

కొత్త వెర్షన్లంటే నాకు పగేం లేదు. ఈరోజుకీ వాటిని వేరే మిషన్‌లో పెట్టి ఆడించి చూస్తుంటాను. కానీ ఒకరికి మాటిచ్చిన పని మాత్రం నిలకడైనదాని మీదే చెయ్యాలి. అందులో లేనిదేదో మన చేతి నుంచే రావాలి, ఆ గేమ్ నాకు నేర్పింది ఇదే.

కొన్నాళ్లకు ఆ బీటా తప్పులన్నీ తీరి స్టేబుల్‌గా వచ్చింది. "రెడీమేడ్ వాన ఉండాది గదా, మార్చేద్దామా?" అని ఖాదర్‌ను ఉడికించాను.

తెర మీంచి తల తిప్పకుండానే అన్నాడు. "వద్దుపోక్కా. ఆ వానకి మన చేను యాడుందో తెలీదు."